ఫ్లష్ నొక్కే ముందు

అతన్ని అందరూ వాషర్ అనే పిలుస్తారు. అసలు పేరు బ్యాంకు పుస్తకంలో ఉంది. కోపం వచ్చినప్పుడు భార్య నోట కూడా వస్తుంది. వాషర్ అని పేరు పెట్టింది తండ్రే. ఆయన ప్లంబరు. తల్లి నోరున్న మనిషి. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ ఎక్కడ తారసపడినా గరగరమని రాసుకునేవారు. కొడుకు పుట్టాక ఆ రాపిడి కాస్త తగ్గింది. "రెండు పైపుల మధ్యకి వీడొచ్చి కూర్చున్నాడు, కారడం ఆగింది" అని తండ్రి వీధంతా చెప్పుకు తిరిగాడు. ఆ పేరు అలా బిగుసుకుపోయింది. తల్లి పోయి చాలా ఏళ్ళయినా ఊడి రాలేదు.

వాషర్ పదో క్లాసులో తెలుగు పరీక్ష తప్పి, తండ్రి వెనకే పానా పట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. తండ్రిని పెద్ద మేస్త్రీ అనేవారు. ఆయన స్క్రూడ్రైవరు మొన గోడకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల నీళ్ళు ఎక్కడ చెమ్మగిల్లుతున్నాయో చెప్పేసేవాడు. పనిలో ఎంత నాజూకో మాటలో అంత మోటు. మూసుకుపోయిన డ్రైనేజీలోంచి ఏం బయటికొస్తే దాన్ని మెట్ల మీద నిలబడి ప్రకటించేవాడు. "అమ్మా! మీ దువ్వెన దొరికింది. మీ మామగారి పళ్ళసెట్టు కూడా దొరికింది. ఇద్దరూ వచ్చి తీసుకోండి!" ఏ ఇంట్లో ఎవరు లోపల ఎంతసేపు కూర్చుంటారో, ఎవరికి అజీర్తో, ఎవరు పేపరు చదువుతారో ఆయనకి కంఠతా వచ్చు. పక్కింటివాళ్ళకి కూడా వచ్చేలా చెప్పేవాడు.

అంత మనిషీ, తన ఒంట్లోంచి రక్తం పోతుంటే పదినెలలు నోరు విప్పలేదు.

మొలలే అనుకున్నాడు. మందుల షాపువాడి చెవిలో గొణిగి, ఒక మలాము తెచ్చుకుని, పనిముట్ల పెట్టెలో అడుగున, టెఫ్లాన్ టేపుల కింద దాచుకున్నాడు. ఒకరోజు వాషర్ చేతికి అదే దొరికింది. పైపు జాయింట్లకి రాసే జిగురే కొత్త కంపెనీది వచ్చిందనుకుని ఒక ఇంట్లో మూడు కుళాయిలకి శుభ్రంగా పట్టించాడు. సాయంత్రానికి మూడూ ధారకట్టాయి. పెద్ద మేస్త్రీ వచ్చి, ట్యూబు చూసి, మొహం ఎర్రగా చేసుకుని, "బుద్ధుందిరా నీకు? ఏది దేనికి రాయాలో తెలీదూ?" అని అరిచాడు.

"మరి ఇది దేనికి రాస్తారు నాన్నా?"

"నోర్మూసుకుని కుళాయి విప్పు!"

తర్వాత బెల్టు సంగతి. మేకు, సుత్తి తీసుకుని నడుం బెల్టుకి కొత్త చిల్లులు పొడుచుకుంటూ కనిపించాడు. "సన్నబడ్డావేంటి నాన్నా?" అంటే, "నేను కాదు, బెల్టు సాగింది" అన్నాడు. వాషర్ నమ్మాడు. తోలు సాగుతుంది కదా అనుకున్నాడు. నాలుగో చిల్లు పడ్డాక ఒక అపార్ట్‌మెంట్‌లో వంటింటి సింకు కింద దూరిన పెద్ద మేస్త్రీ మళ్ళీ లేవలేదు. బయటికి కాళ్ళు మాత్రమే కనిపిస్తుంటే ఆ ఇంటావిడ, పాపం, పనిలో మునిగిపోయాడనుకుని పావుగంట ఊరుకుంది.

ఆసుపత్రిలో పేగుల డాక్టరమ్మ చిన్న మనిషి, పెద్ద గొంతు. "రక్తం ఎన్నాళ్ళనుంచి పోతోంది?" అని అడిగింది.

"మొన్నమొన్నటి నుంచేనండీ."

"మొన్నంటే?"

"పోయిన వానాకాలం."

పెద్దపేగులో క్యాన్సరని తేలింది. అప్పటికే కాలేయం దాకా పాకింది. ఆపరేషన్ చేసి, పొట్ట మీద దారి చేసి, ఒక సంచి తగిలించారు. మత్తు దిగాక పెద్ద మేస్త్రీ మొదట ఆ సంచిని చూశాడు. తర్వాత దాని రింగుని చూశాడు. తర్వాత నర్సుని చూశాడు.

"ఈ జాయింటు ఎవరమ్మా బిగించింది?"

"నేనేనండీ."

"ఇది కారుతుంది."

అన్నట్టే సాయంత్రానికి కారింది. రింగుని ఒంటికి ఎలా ఆనించాలో, ఎక్కడ మడత పడకుండా నొక్కాలో ఆయనే రెండుసార్లు విప్పి, బిగించి నేర్చుకున్నాడు. వారం తిరిగేసరికి ఆ వార్డులో సంచి తగిలించుకున్నవాళ్ళంతా "పెద్దాయనా, నాది ఒకసారి చూడవూ" అని పిలవడం మొదలుపెట్టారు. ఆయన సెలైన్ స్టాండు తోసుకుంటూ మంచం మంచానికీ తిరిగి, కడుపుబ్బ నవ్విస్తూ అందరి జాయింట్లూ సరిచేసేవాడు. నర్సులు కూడా పక్కన నిలబడి చూసేవారు. తిరిగి మంచమెక్కేసరికి ఆయాసంతో మాట వచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం వాషర్ ఉండబట్టలేక అడిగాడు. "నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"ఎలా చెప్పమంటావురా? కోడలు అన్నం వడ్డిస్తుంటే, నాకు కిందనుంచి రక్తం పోతోందమ్మా, కాస్త పప్పు వెయ్యి అననా?"

"ఊళ్ళోవాళ్ళందరివీ నోరారా చెబుతావుగా!"

"వాళ్ళవి చెప్పడం పనిరా. నాది చెప్పుకోవడానికి సిగ్గేసింది." సంచి రింగుని వేలితో ఒకసారి నొక్కి చూసుకున్నాడు. "నువ్వు మాత్రం సిగ్గుపడకు. మన ఇంటికి కావలసిన సిగ్గంతా నేనే పడేశాను."

ఎనిమిది నెలలు బతికాడు. ఒక ఉదయం, కోడలు పాలు కాచి తెచ్చేలోపు, ఎవరికీ ఏమీ ప్రకటించకుండా వెళ్ళిపోయాడు.

వాషర్ ఇరవై రోజులు పనికి వెళ్ళలేదు. ఇరవై ఒకటో రోజు రిటైరైన తెలుగు టీచరమ్మ ఫోన్ చేసింది, ఫ్లష్ ట్యాంకు ఆగకుండా కారుతోందని. వెళ్ళాడు. పది నిమిషాల పని. అయిపోయాక కూడా ఆ బాత్‌రూములోంచి బయటికి రాబుద్ధి కాలేదు. బక్కెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. తండ్రి కూడా రోజూ ఇలాంటి గదిలోనే తలుపు గడియ పెట్టుకుని చూసుకుని ఉంటాడు, ఫ్లష్ నొక్కి ఉంటాడు, మొహం కడుక్కుని ఏమీ జరగనట్టు బయటికొచ్చి ఉంటాడు. వాషర్ జేబులోంచి పైపుల మీద గుర్తులు పెట్టే మార్కరు తీసి, ట్యాంకు మూత మీద నాలుగు ముక్కలు రాసి, చెప్పకుండా వచ్చేశాడు.

గంటకి ఫోను మోగింది.

"ఒరేయ్ వాషర్! మా బాత్‌రూములో ఏం రాసిపోయావు?"

"తప్పయిపోయింది టీచరమ్మా, స్పిరిట్ తెచ్చి తుడిచేస్తాను, మా నాన్న గుర్తొచ్చి..."

"రక్తానికి థావత్తు ఎవడు నేర్పాడురా నీకు? డాక్టరులో దీర్ఘం ఏమైంది? ఆనాడు నిన్ను తప్పించినందుకు ఇన్నేళ్ళూ నాకు మనసులో పీకుతూనే ఉంది. ఇవాళ్టితో ఆ బెంగ తీరింది. రా, కాగితం పట్టుకుని రా."

ఆవిడ ఎర్ర ఇంకుతో దిద్ది, తానే తిరగరాసింది. మొదటిసారి రాసింది "మలవిసర్జనానంతరము" అని మొదలై రెండు పేజీలు నడిచింది.

"టీచరమ్మా, ఇది చదివేలోపు నీళ్ళు వెళ్ళిపోతాయి" అన్నాడు వాషర్.

ఆవిడ కళ్ళజోడు మీంచి చూసి, కొట్టేసి, మళ్ళీ రాసింది. చివరికి నిలిచింది ఇది: "ఫ్లష్ నొక్కే ముందు ఒక్కసారి చూడండి. రక్తం కనబడినా, రోజూ ఉండే అలవాటు మారి వారాల తరబడి అలాగే ఉన్నా, డాక్టరుకు చెప్పండి. మొలలే అని మీరే తేల్చుకోకండి. మా నాన్న అలాగే తేల్చుకున్నాడు." కింద "ప్లంబరు వాషర్" అనీ, ఫోన్ నంబరూ.

తడికి చెరగని స్టిక్కర్లు వేయించాడు. ఎక్కడ పనికి వెళితే అక్కడ, గోడకి, కూర్చున్నవాళ్ళ కళ్ళకి ఎదురుగా ఉండేలా అంటించడం మొదలుపెట్టాడు. ఇళ్ళు, ఆఫీసులు, సినిమా హాలు, పెట్రోలు బంకు. కొందరు అడిగి మరీ అంటించుకున్నారు. ఒక హోటలాయన మాత్రం గోకి పారేశాడు. "మా దగ్గరికి జనం తినడానికొస్తారయ్యా! నువ్వు మొదలు వదిలేసి చివర పట్టుకున్నావు" అన్నాడు.

ఫోన్లు మొదలయ్యాయి. కొందరు కుళాయి కారుతోందని చేసేవాళ్ళు, కొందరు తామే కారుతున్నామని చేసేవాళ్ళు. మొదటి రెండు మాటల్లో ఎవరు ఏ రకమో తెలిసేది కాదు. "అన్నా, లీకేజీ" అని ఒకడంటే, "ఎక్కడ, పైనా కిందా?" అని వాషర్ అడిగేవాడు. ఒకాయన ఆఫీసు బాత్‌రూములోంచే గుసగుసగా చేశాడు.

"ఎర్రగా ఉందండీ. నా పనయిపోయింది."

"కంగారుపడకండి. నిన్న ఏం తిన్నారు?"

"అలాంటిదేం లేదే. సలాడు తిన్నాను. డాక్టరు బరువు తగ్గమన్నాడని."

"అందులో బీట్‌రూట్ ఉందా?"

అవతల ఫ్లష్ చప్పుడు. ఫోన్ పెట్టేశాడు.

వాషర్ భార్య అన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది రెండు జరిగాయి. వాళ్ళన్నయ్య ఇంట్లో భోజనాలప్పుడు, పది మంది కూర్చున్న బల్ల దగ్గర, వాషర్ బావమరిది వైపు తిరిగి, ప్రేమగా, "బావా, ఈ మధ్య దొడ్డికి సరిగ్గా వెళుతున్నావా?" అని అడిగాడు. బావమరిది చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయన భార్య మాత్రం, "బాగా అడిగావన్నయ్యా, నేనడిగితే కసురుకుంటాడు" అని మొత్తం చరిత్ర ఎత్తుకుంది. రెండోది, పెళ్ళినాటి ఫోటో ఒకటి వెతుకుదామని ఆమె మొగుడి ఫోన్ తెరిచింది. అరక్షణంలో అక్కడ పడేసి చేతులు కడుక్కొచ్చింది.

"ఏంటివి? మనుషులు ఇవి కూడా ఫోటోలు తీసి పంపుతారా!"

"నమ్మకంతో పంపుతున్నారే."

"మీ నాన్నగారంటే నాకూ ప్రాణమే. కానీ ఇంక కంచం ముందున్నప్పుడు ఆ మాట ఎత్తకూడదు. ఆ ఫోటోలు ఇంట్లోకి రాకూడదు. వింటున్నావా?"

తర్వాత అచ్చువేసిన స్టిక్కర్ల మీద ఇంకో వాక్యం చేరింది: "దయచేసి ఫోటోలు పంపవద్దు."

ఇంతలో డాక్టరమ్మ దగ్గర్నుంచి కబురొచ్చింది. శాలువా కప్పుతుందేమో అనుకుని వాషర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు.

"పెద్దాయన కొడుకువి కదూ, వాషర్ అంటే నువ్వేనా? నా ఓపీలో వారంలో పద్నాలుగు మంది, ఏమైందయ్యా అంటే వాషర్ పంపాడంటారు. ఎవరీ వాషర్, ఏ ఆసుపత్రి, ఏం చదివాడు అని మా వాళ్ళంతా నన్నడుగుతున్నారు. ఫోన్‌లో జనానికి ఏం చెబుతున్నావు?"

"ఏదో నాకు తోచింది..."

"తోచింది చెప్పకు. అది క్యాన్సరనీ చెప్పకు, కాదనీ చెప్పకు. చాలామందికి మొలలే ఉంటాయి, కానీ ఆ మాట చెప్పాల్సింది నువ్వూ కాదు, వాళ్ళూ కాదు. డాక్టరుకు చూపించుకోండి, అంతే. అర్థమైందా?" ఆవిడ గొంతు కాస్త తగ్గింది. "ఆ పద్నాలుగు మందిలో పన్నెండు మంది ఇంకో ఏడాదికి గానీ వచ్చేవాళ్ళు కాదు. స్టిక్కర్లు బాగున్నాయి. నీ వయసెంత?"

"నలభై ఒకటండీ."

"తండ్రికి వచ్చింది కాబట్టి నలభై నిండేసరికే నువ్వు పేగులోకి గొట్టం పంపి చూసే పరీక్ష చేయించుకోవాలి. ఎప్పుడు చేయించుకున్నావు?"

వాషర్ గది చుట్టూ చూశాడు. "డాక్టరమ్మా, ఈ వాష్‌బేసిన్ కుళాయి కారుతోందండీ. అయిదు నిమిషాల్లో..."

"కుళాయి సంగతి వదిలెయ్."

"స్క్రూడ్రైవరు నా దగ్గరే ఉంది..."

"గురువారం రా."

ఊరందరికీ చెప్పిన మనిషికి భయం పట్టుకుంది. ఒకసారి ఆ గదిలో తండ్రి పక్కన కూర్చుని విన్నవాడు. ఈసారి వినబోయేది తన గురించి. బుధవారం ఇంటి దగ్గర పేగులు శుభ్రం కావడానికి రెండు లీటర్ల మందు నీళ్ళు గ్లాసు గ్లాసుగా తాగాలి. మూడో గ్లాసుకి కడుపులో మోటారు స్టార్టయింది. ఇక్కడొక చిక్కుంది. ఊళ్ళో ఫ్లష్‌లన్నీ బాగుచేసే వాషర్ ఇంట్లో ఫ్లష్ పాడై ఎనిమిది నెలలయింది. బక్కెట్టుతో నెట్టుకొస్తున్నారు. ఏడోసారి బక్కెట్టు మోశాక అతనికి కాళ్ళు తేలిపోయాయి. ఎనిమిదోసారి పానా కూడా పట్టుకుని లోపలికి వెళ్ళాడు. పన్నెండోసారికి ట్యాంకు కొత్తదానిలా పనిచేసింది.

భార్య బయట నిలబడి ఆ చప్పుడు విని, "ఎనిమిది నెలలుగా మొత్తుకుంటున్నాను. ఈ మందు సంగతి ముందే తెలిస్తే నేనే పోసేదాన్ని" అంది.

మర్నాడు మత్తు ఇచ్చే ముందు వాషర్ డాక్టరమ్మని ఒకటే అడిగాడు, లోపలంతా తనకి చూపించాలని. లేచాక ఆవిడ తెర మీద చూపించింది. గులాబి రంగు సొరంగం, తళతళలాడుతూ, వంపులు తిరుగుతూ. "ఎంత బాగా వేశారండీ లైను" అన్నాడు మత్తులో. ఒక వంపు దగ్గర ఆవిడ ఆపింది. గోడకి చిన్న పిలకలు రెండు, శనగగింజంత.

"పాలిప్స్ అంటారు. తీసేశాం. పరీక్షకు పంపుతాను. చూడ్డానికి మంచివిలానే ఉన్నాయి."

"ఉంచేస్తే ఏమయ్యేవండీ?"

"అన్నీ ఏమీ కావు. కొన్ని మాత్రం, ఏళ్ళు గడిచాక, మీ నాన్నగారికి వచ్చింది అవుతాయి."

ఫలితం మంచిగానే వచ్చింది. మూడేళ్ళకి మళ్ళీ రమ్మంది. కానీ పరీక్షయిన రోజు వరండాలో బల్ల మీద కూర్చున్న వాషర్‌కి ఫలితం మీద ధ్యాస లేదు. నాన్నది కూడా ఒకప్పుడు శనగగింజంతే ఉండి ఉంటుంది, అనుకున్నాడు. రెండు నిమిషాల్లో తీసేసేవాళ్ళు. తండ్రి పోయినరోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది, ఎక్కిళ్ళు పెట్టి మరీ. పక్కన కూర్చున్న ముసలాయన భయపడి, "ఏం చెప్పారు బాబూ?" అని అడిగాడు. "ఏం లేదట తాతా, బాగానే ఉందట" అని వాషర్ ఇంకా గట్టిగా ఏడ్చాడు. ముసలాయన కాస్త ఎడంగా జరిగి కూర్చున్నాడు.

ఆ తర్వాత నెలలో బస్సు డిపోలో మాట్లాడమని పిలిచారు. డిపో మరుగుదొడ్లు బాగుచేసింది వాషరే. స్టిక్కరు చూసి మేనేజరుకి ఆలోచన వచ్చింది. అరవై మంది డ్రైవర్లు, కండక్టర్లు రేకుల షెడ్డులో కూర్చున్నారు. టీచరమ్మ రాసిచ్చిన ఉపన్యాసం చేతిలో ఉంది. "సభకు నమస్కారం" దాకా చదివాడు. తర్వాత అక్షరాలు చీమల్లా పాకడం మొదలుపెట్టాయి. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "మా నాన్న మందుని నేను కుళాయిలకి రాశానండీ" అన్నాడు. అక్కణ్ణుంచి మొత్తం చెప్పాడు. మలాము, బెల్టు, సింకు కింద కాళ్ళు, సంచి జాయింటు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. పెద్ద మేస్త్రీ పాల కోసం ఆగకుండా వెళ్ళిపోయిన ఉదయం దగ్గరికొచ్చేసరికి ఆ చేతులు పొట్టల మీంచి దిగాయి.

వెనక వరసలోంచి ఒక డ్రైవరు లేచాడు. తలుపంత మనిషి, బుర్ర మీసాలు. "నాకూ పోతోంది. నాలుగు నెలలయింది. సీటు వేడికనుకున్నాను. మా ఆవిడక్కూడా చెప్పలేదు."

అరవై మందీ వెనక్కి తిరిగారు. ఒక కండక్టరు చెయ్యెత్తాడు. "నాకు ఆర్నెల్లు."

"నీక్కూడానా? చెప్పవేంరా!"

"నువ్వు చెప్పావా?"

అలా ఒక్కొక్కరే, పదిమంది తేలారు. చివరికి మేనేజరు గొంతు సవరించుకుని, "వాషర్, మీటింగయ్యాక నీతో విడిగా ఒక మాట" అన్నాడు.

"విడిగా ఏముంది సార్, ఇక్కడే చెప్పండి!" అని షెడ్డంతా అరిచింది.

పదకొండు మందీ ఒకే బస్సులో ఆసుపత్రికి వెళ్ళారు. టిక్కెట్టు కొట్టడానికి కండక్టరు, నడపడానికి డ్రైవరు, అందరూ రోగులే. డాక్టరమ్మ తల పట్టుకుంది. ఎనిమిది మందికి మొలలు. ఇద్దరికి పేగు పుండ్లు. మీసాల డ్రైవరుకి మాత్రం క్యాన్సరే, అయితే మొదట్లోనే దొరికింది. ఆపరేషన్ అయింది, సంచి అవసరం పడలేదు, ఆరు నెలల తర్వాత మళ్ళీ స్టీరింగు పట్టుకున్నాడు.

ఆ మీసాలాయనకి ఇప్పుడు సిగ్గనేది మచ్చుకైనా లేదు. వాషర్ స్కూటరు ఎక్కడ కనబడినా, నడిరోడ్డయినా సరే, బస్సు పక్కకి ఆపి, కిటికీలోంచి సగం బయటికి వంగి కేకేస్తాడు.

"అన్నా! ఇవాళ ఫస్ట్ క్లాస్! ఒక్క దెబ్బకి!"

బస్సులో జనం తలలు బయటికి పెట్టి, ఎవరికి ఏం ఫస్ట్ క్లాసు వచ్చిందోనని చూస్తారు. స్కూటరు వెనక సీటు మీద వాషర్ భార్య కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, "పోనియ్యవయ్యా బాబూ, ముందు పోనియ్యి" అంటూ మొగుణ్ణి వీపు మీద పొడుస్తుంది. వాషర్ మాత్రం స్కూటరు ఆపి, ఒక కాలు నేలకానించి, "రంగెలా ఉంది?" అని అడిగి, జవాబు పూర్తిగా విన్నాకే కదులుతాడు.